మగ్గం చెప్పే రోజులు, పుస్తకం చెప్పే రోజులు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

మన తాతముత్తాతలు ఎప్పుడో ఊళ్ళు దాటి వచ్చారు. అయినా మగ్గం దగ్గర మాట ఇవాళ్టికీ తెలుగే. అందుకని మేము పుస్తకాల భాష వెతుక్కోకుండా, మగ్గం దగ్గర మాట్లాడుకున్నట్టే నాలుగు మాటలు చెప్తాము. తప్పులుంటే పెద్దలు దిద్దుకోగలరు.

మాకు ఇచ్చిన అంశం, ఆర్డరు పని గడువుకు ఎందుకు అందడం లేదు అన్నది.

గడువు తప్పిందంటే నేసేవాడికి బద్ధకం అని బయటివాళ్ళు సులువుగా అనేస్తారు. దీపావళి ముందు మన వీధుల్లోకి వచ్చి చూడమనండి. రాత్రి పదకొండుకు కూడా మగ్గం చప్పుడు వినబడుతుంది. బద్ధకస్తుల వీధి అలా ఉండదు. ఇంకొందరు మోసం అంటారు. మోసగాడైతే అడ్వాన్సు తీసుకుని కనబడకుండా పోతాడు. మనవాడు గుంట మగ్గంలోనే కూర్చుని ఉంటాడు, చీర మాత్రం పూర్తి కాదు. మరి తప్పు ఎక్కడుంది? లెక్కలో ఉంది. పని ఎన్ని రోజులు పడుతుంది అనే లెక్క మనసులో తక్కువ పడుతుంది.

అది ఎప్పుడూ ఒకవైపే తప్పుతుంది, గమనించండి. ఎక్కువ రోజులు చెప్పి తక్కువలో ముగించినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తక్కువ చెప్పి ఎక్కువ పట్టినవాళ్ళు వీధి వీధికీ ఉన్నారు. ఊరికే జరిగే పొరపాటైతే సగం ఇటు, సగం అటు పడాలి గదా. ఒకవైపే పడుతున్నదంటే దానికి కారణాలు ఉన్నాయి. మా సంఘంలో సరుకు ఇచ్చి పుచ్చుకునే పుస్తకం చూసి చూసి మాకు తెలిసిన కారణాలు ఇక్కడ పెడతాము.

మొదటి కారణం. ఎన్ని రోజులు అని అడిగితే, మనవాళ్ళు మగ్గం మీది రోజులు మాత్రమే లెక్క వేస్తారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఎనభై నంబరు నూలుతో సాదా చీర. రవికె గుడ్డతో కలిపి 6.25 మీటర్లు, అంటే సుమారు 246 అంగుళాలు. అంగుళానికి 70 పేక పోగులు అనుకుంటే చీర మొత్తానికి 17,220 పోగులు. తాడు లాగి నాడె కొట్టే మగ్గం మీద నిమిషానికి 40 పోగులు అనుకోండి. 430 నిమిషాలు. ఏడు గంటల పది నిమిషాలు. అంటే చీర ఒక్క రోజులో దిగిపోవాలి!

దిగుతుందా? దిగదు. ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎందుకంటే ఆ ఏడు గంటల లెక్కలో కండె అయిపోలేదు, పోగు తెగలేదు, నేసిన బట్ట చుట్టుకోలేదు, పన్నా సరిగ్గా నిలవడానికి పెట్టే అడ్డకర్ర జరపలేదు, నడుము పట్టెయ్యలేదు, వీధిలో ఎవరూ పిలవలేదు. కండె పది నిమిషాలు వస్తుందనుకున్నా ఒక్క చీరకు 43 కండెలు మార్చాలి. ఒక్కొక్కదానికి ఒక్క నిమిషం వేసుకున్నా ముప్పావు గంట అక్కడే పోయింది. అలా పోగా పోగా ఒక రోజు పని రెండు రోజులవుతుంది, అంచు మీద బుటా ఉంటే ఇంకా పైన. నేసేవాడికి ఇవన్నీ తెలియక కాదు. కానీ రోజులు చెప్పేటప్పుడు కళ్ళ ముందు ఆడేది నాడె. తెగిన పోగు ఆడదు.

సరే, మగ్గం మీది సంగతి అలా ఉంచండి. మగ్గం మీదికి రాకముందు ఎంత పని ఉన్నది? నూలు చిలపలు రావాలి. రంగు వేయించాలి. రంగు ఆరాలి. చిలపల నుంచి నూలు చుట్టాలి. పడుగు వేయాలి. మా తమిళనాడు వైపు దాన్నే పావు అంటాము. దాన్ని వీధిలో చాపి గంజి పెట్టి, ఎండలో ఆరబెట్టి, పోగు పోగు విడదీయాలి. తర్వాత అచ్చు అతకాలి. అచ్చు అతకడం అంటే మీకు చెప్పనక్కరలేదు, బయటి నుంచి వచ్చిన పెద్దలు ఉన్నారని చెప్తున్నాము. పాత పడుగు కొసకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా చేత్తో మెలిపెట్టి అతకడం. అంగుళానికి 80 పోగులు, 48 అంగుళాల పన్నా అయితే 3,840 పోగులు. నిమిషానికి పది అతుకులు పడ్డా ఆరు గంటలు దాటుతుంది. తల ఎత్తకుండా చేస్తేనే సుమా.

ఇక పట్టు చీరల వాళ్ళ పని ఇంకా పెద్దది. అంచు ఒక రంగు, ఒడలు ఒక రంగు అయితే మూడు నాడెలు ఆడాలి, పక్కన సాయానికి ఒక మనిషి ఉండాలి. పైట వేరే రంగయితే చీర మధ్యలో పడుగు పోగులన్నీ మార్చి అతకాలి. సాయానికి కూర్చునే పిల్లవాడికి జ్వరం వస్తే మగ్గం మొత్తం ఆగిపోతుంది. ఆ జ్వరం ఏ లెక్కలోనూ ఉండదు.

రెండవ కారణం. ఒక్కొక్క పని విడిగా చూస్తే ధైర్యంగానే ఉంటుంది. అన్నీ వరసగా వచ్చినప్పుడు ఏమవుతుందో మనసు లెక్క కట్టదు.

దీన్ని మేము సంఘంలో కుర్రవాళ్ళకు ఇలా చెప్తుంటాము. నూరు పనులు మొదలుపెట్టామనుకోండి. ప్రతి పనికీ ఏడు మెట్లు ఉన్నాయి: నూలు, రంగు, చుట్టడం, పడుగు, గంజి, అతుకు, నేత. ప్రతి మెట్టు దగ్గరా పదింటికి తొమ్మిది అనుకున్న రోజుకే అవుతాయి, ఒక్కటే ఆగుతుంది. ఎంత మంచి సంఘం! పదికి తొమ్మిది మార్కులు! ఇప్పుడు లెక్కపెట్టండి. మొదటి మెట్టు దాటాక అనుకున్న రోజున ఉన్నవి 90. రెండో మెట్టు దాటాక 81. మూడోది 73. నాలుగోది 66. అయిదోది 59. ఆరోది 53. ఏడోది 48. నూటికి సగం కూడా లేవు! ఏ మెట్టు దగ్గరా ఎవరూ పెద్ద తప్పు చేయలేదు. అయినా సగానికి పైగా గడువు తప్పాయి. ఒకచోట పోయిన రోజు ఇంకొకచోట కలిసిరావచ్చు గదా అంటారు. రాదు. పడుగు రెండు రోజులు ముందే అయినా అతికే మనిషి తన వంతు రోజుకే వస్తాడు. కలిసివచ్చిన రోజు ఊరికే పోతుంది, పోయిన రోజు మాత్రం తర్వాతి మెట్టు మీద పడుతుంది.

మూడవ కారణం. ఆలస్యానికి ప్రతిసారీ ఒక కొత్త పేరు ఉంటుంది.

మా వైపు ఈశాన్య ఋతుపవనం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా కురుస్తుంది. దీపావళి గిరాకీ సరిగ్గా అప్పుడే. వీధిలో పడుగు చాపడానికి ఎండ ఉండదు, గుంటలో నీరు ఊరుతుంది. యానాం వాళ్ళకు జూలై ఆగస్టుల్లో గోదావరి వరద. బ్రహ్మపురం వాళ్ళకు తుఫాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది, దసరా రోజుల్లో. దొడ్డబళ్ళాపురం వాళ్ళకు రామనగర మార్కెట్టులో పట్టుగూళ్ళ ధర ఎగబడితే పట్టు అందడం ఆలస్యం. సోలాపూర్, భివండి మరమగ్గాల వాళ్ళకు కరెంటు. ఇవి గాక చావులు, పెళ్ళిళ్ళు, గుడి జాతరలు, ఎన్నికలు అందరికీ ఉన్నవే.

ఆలస్యమైనప్పుడు మనవాడు ఏమంటాడు? "ఈసారికి వాన వచ్చిందండీ." పోయినసారి? "పోయినసారి మామగారు పోయారు." అంతకు ముందు? "అప్పుడు రంగు తేడా వచ్చింది." మూడూ నిజమే. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ప్రతిసారీ దాన్ని ఈసారికి మాత్రమే వచ్చిన కష్టంగా చూసి పక్కన పెట్టేస్తాడు. వచ్చేసారి లెక్కలో వానా ఉండదు, చావూ ఉండదు, రంగు తేడా ఉండదు. ఏ కష్టం వస్తుందో ఎవరం చెప్పలేము. ఏదో ఒకటి వస్తుందని మాత్రం కచ్చితంగా చెప్పగలము. పది సంవత్సరాల పుస్తకం తిరగేస్తే ఏ అడ్డమూ లేకుండా దిగిన పడుగులు ఎన్ని ఉంటాయో చూడండి. అయినా మనసులో ఎప్పుడూ మెదిలేది ఆ అడ్డం లేని పడుగే. "ఒకసారి పన్నెండు రోజుల్లో దించాను" అనే మాట మనవాళ్ళ నోట ఎన్నిసార్లు వినలేదు? ఆ ఒక్కసారే అందరికీ గుర్తు.

నాలుగవ కారణం చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్పుకోవాలి. ఎదుటివాడు వినదలచిన రోజునే మనం చెప్తాము. దుకాణదారుడు వచ్చి, "మాఘమాసంలో పెళ్ళి, సంక్రాంతికల్లా ఇవ్వగలవా" అంటాడు. ప్రశ్నలోనే జవాబు ఉంది. కాదంటే పక్క వీధికి పోతాడు. పక్క వీధివాడు సరే అంటాడు. అందుకని మనవాడూ సరే అంటాడు. ఎవరు అందరికంటే తక్కువ రోజులు చెప్తారో వాళ్ళకే పని దొరుకుతుంది. అంటే లెక్క ఎక్కువగా తప్పినవాడికే ఆర్డరు! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నూలు రాకముందే గడువు తేదీ దుకాణం క్యాలెండరులో ఎక్కిపోతుంది.

ఈ జబ్బు మగ్గానికే పరిమితం కాదండోయ్. మా సంఘంలో కంప్యూటరు మీద లెక్కలు చూసే అమ్మాయి చదివి వినిపించింది. డేనియల్ కానెమన్ అని ఒక పెద్ద మనస్తత్వ శాస్త్రవేత్త. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం అందుకున్నాడు. ఆయన, ఆమోస్ ట్వెర్స్కీ అనే ఆయన స్నేహితుడు కలిసి 1979లోనే ఈ జబ్బుకు ఒక పేరు పెట్టి రాశారు. కానెమన్ తన కథే చెప్పాడు. ఇజ్రాయెల్‌లో బడి పిల్లలకు ఒక పాఠ్యపుస్తకం రాయడానికి కొందరు పండితులు కూర్చున్నారు. ఎన్నాళ్ళు పడుతుందని ఎవరికివారు కాగితం మీద రాశారు. అందరూ ఇంచుమించు రెండు సంవత్సరాలు అన్నారు. వాళ్ళలోనే ఇలాంటి పనులు చాలా చూసిన ఒకాయన ఉన్నాడు. ఆయనా అంతే రాశాడు. అప్పుడు కానెమన్ ఆయన్ని అడిగాడు, "ఇలాంటి పని పెట్టుకున్న వేరే బృందాలకు ఎన్నాళ్ళు పట్టింది?" అని. ఆయన కాసేపు ఆలోచించి, నూటికి నలభై బృందాలు అసలు పూర్తే చేయలేదు, పూర్తి చేసినవాళ్ళకు ఏడు నుంచి పది సంవత్సరాలు పట్టింది అన్నాడు. చివరికి వీళ్ళకు పట్టింది ఎనిమిది సంవత్సరాలు!

కెనడాలో జరిగి 1994లో అచ్చయిన ఇంకొక పరిశీలన ఉన్నది. కాలేజీ చివరి సంవత్సరం పిల్లలు పెద్ద వ్యాసం ఒకటి రాయాలి. ఎన్ని రోజుల్లో ముగిస్తారు అంటే సగటున 34 రోజులు అన్నారు. పట్టింది 55 రోజుల పైన. అన్నీ చెడిపోయినా ఎన్ని రోజులు అని అడిగితే చెప్పిన సంఖ్య కూడా 49 లోపే. అంటే చెడ్డ రోజులను ఊహించుకోమన్నా మనిషి తక్కువే ఊహిస్తాడు. అంత చదువుకున్నవాళ్ళ సంగతే అలా ఉంటే, ఎనిమిదో తరగతితో మగ్గమెక్కిన మనలాంటివాళ్ళను బద్ధకస్తులని అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

ఆ పాఠ్యపుస్తకం కథలో మనకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. అనుభవం ఉన్న ఆ పెద్దాయన తలలో రెండు లెక్కలూ ఉన్నాయి. "మన పనికి ఎన్నాళ్ళు" అని అడిగితే రెండు సంవత్సరాలు అన్నాడు. "ఇలాంటి పనులకు ఎన్నాళ్ళు పట్టింది" అని అడిగితే ఏడు నుంచి పది అన్నాడు. మనిషి అదే, ప్రశ్న మారింది. మన వీధుల్లో చూడండి. "నీ పడుగు ఎప్పుడు దిగుతుంది" అంటే పదిహేను రోజులంటాడు. "పక్కింటాయన పడుగు ఎప్పుడు దిగుతుంది" అంటే నవ్వి, "నెల పడుతుందిలెండి" అంటాడు. పక్కింటి లెక్కే నిజం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. గడువు తప్పితే తప్పింది, నాలుగు రోజులు ఆలస్యం, ఏం మునిగిపోయింది అని కొందరు అనవచ్చు. తక్కువ చెప్పిన రోజులు ఎక్కడికీ పోవు. ఎవరో ఒకరు వాటిని కట్టాలి.

మా వీధిలో ఒక ఇల్లు. పేరు చెప్పడం పద్ధతి కాదు. ఒక పెళ్ళికి ఆరు పట్టు చీరలు ఒప్పుకున్నారు. చీరకు అయిదు రోజుల చొప్పున ముప్పై రోజులు, పైన పదిహేను రోజులు జాగ్రత్తకు వేసుకుని నలభై అయిదు రోజులన్నాడు ఇంటాయన. చూడటానికి మంచి లెక్కే. రంగు ఒకసారి తేడా వచ్చి వారం పోయింది. కండెలు చుట్టే తల్లికి కంటి ఆపరేషను వచ్చింది. అతికే మనిషి ఊరెళ్ళాడు. ముప్పై రోజుల నేత ఇరవై రోజుల్లోకి కుదించుకుపోయింది. పగలు సాయం కూర్చునేది భార్య, రాత్రి వంట ముగించి మళ్ళీ కూర్చునేదీ ఆమే. కండెలు చుట్టింది పదో తరగతి చదివే కూతురు, రాత్రి ఒంటిగంట దాకా. అర్ధసంవత్సర పరీక్షలు అప్పుడే. అయిదు చీరలు గడువుకు అందాయి. ఆరోది నాలుగు రోజులు ఆలస్యమైంది, దుకాణంలో ఆ చీర మీద డబ్బు తగ్గించారు. ఆ అమ్మాయి రెండు సబ్జెక్టులు తప్పింది. తర్వాత చదువుకుని పదో తరగతి గట్టెక్కింది, అది వేరే సంగతి.

మేము వెళ్ళి కలిసినప్పుడు ఆ ఇంటాయన అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తు. "నేయడానికి నేను చెప్పినన్ని రోజులు కూడా పట్టలేదు సెక్రటరీ గారూ. తక్కినదంతా నా పని కాదు గదా!"

ఆ తక్కినదంతా ఎవరి పని? ఇంట్లో ఆడవాళ్ళ పని, పెద్దవాళ్ళ పని, పిల్లల పని. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణనలో మన దేశంలో చేనేత పని, దాని అనుబంధ పనులు చేసేవాళ్ళు 35.22 లక్షలని తేలింది. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళు. రాట్నం, కండె, పడుగు, గంజి, ఇవి ఎక్కువగా వాళ్ళ చేతి మీదే నడుస్తాయి. రోజులు లెక్క వేసేటప్పుడు వాళ్ళ రోజులను వదిలేశామంటే, కూలి లెక్క వేసేటప్పుడూ వదిలేసినట్టే. లెక్కలోకి రాని రోజుకు కూలి రాదు. అందుకని గడువు ఎందుకు తప్పింది అన్నది దుకాణదారుడికి క్షమాపణ చెప్పి ముగించే మాట కాదు. మన ఇంట్లో ఎవరి పని లెక్కకు వస్తున్నది, ఎవరిది రావడం లేదు అన్న మాట అది.

దీనికి మందు ఏమిటి? మా సంఘంలో నడుపుతున్న పద్ధతి చెప్తాము. కొత్తదేమీ కాదు, ఖర్చూ లేదు. ఒక పొడుగు పుస్తకం, ఆరు గళ్ళు. నూలు ఇచ్చిన తేదీ. పడుగు తయారైన తేదీ. అచ్చు అతికిన తేదీ. మొదటి చీర దిగిన తేదీ. ఆఖరి చీర సంఘంలో అప్పగించిన తేదీ. ఆరో గడిలో ఆగిన కారణం, రెండు ముక్కల్లో. తిట్టడానికి కాదు ఆ గడి, తెలుసుకోవడానికి.

కొత్త ఆర్డరు వచ్చినప్పుడు అలాంటి పని, అదే రకం నూలు, అదే రకం అంచు, వెనక్కి పది పడుగులు తీసి చూస్తాము. నూలు ఇచ్చిన రోజు నుంచి ఆఖరి చీర దాకా ఎన్ని రోజులు పట్టిందో తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాస్తాము. లెక్క కోసం ఇలా అనుకోండి: 19, 21, 22, 24, 26, 27, 29, 33, 38, 52. నేసేవాడిని అడిగితే 18 అంటాడు. 18లో దిగింది పదింటిలో ఒక్కటీ లేదు! మధ్యది చూసి 26 అని చెప్తే సగం సార్లు మాట పోతుంది. అందుకని ఎనిమిదోదాన్ని పట్టుకుంటాము. 33 రోజులు. పదింటికి ఎనిమిది సార్లు మాట నిలబడుతుంది. ఇక ఆ 52 రోజులది ఉంది చూశారూ, దాన్ని పుస్తకంలోంచి కొట్టేయకూడదు. "అది లెక్కలోది కాదు, అప్పుడు తుఫాను" అనాలనిపిస్తుంది. అది కూడా లెక్కలోదే. పదింటికి ఒకటి అలాంటిది ఉంటుంది.

ఇంకొక ఆచారం పెట్టుకున్నాము. రోజులు అడగడానికి ఇంటికి పోతే, మగ్గం మీది మనిషిని ఒక్కడినే అడగము. రాట్నం ముందున్న అమ్మనూ అడుగుతాము. "కండెలు చుట్టేది ఎవరమ్మా ఈ నెల? ఇంట్లో ఏమైనా కార్యం ఉందా? పిల్లలకు పరీక్షలు ఎప్పుడు?" ఆమెకు ఇంటి క్యాలెండరు తెలుసు. మగ్గానికి తెలిసేది నాడె ఒక్కటే.

దీని మీద మూడు అభ్యంతరాలు వస్తాయి. మూడూ విని జవాబు చెప్పుకోవలసినవే.

ఒకటి, ఎక్కువ రోజులు చెబితే గిరాకీ పోదా అన్నది. కొంత పోతుంది, లేదనము. కానీ పెళ్ళి చీర ముహూర్తం మర్నాడు వస్తే అది చీర కాదు, తగాదా. మాట తప్పని ఇంటికి రెండోసారి ఆర్డరు అడగకుండానే వస్తుంది. అయినా ఒక్క సంఘం ఈ పని చేస్తే పక్క సంఘం తక్కువ రోజులు చెప్పి లాక్కుపోతుంది. అందుకే ఈ మాట మా ఊళ్ళో చెప్పుకుంటే సరిపోదు, ఇంతమంది కూర్చున్న సమాఖ్య సభలో చెప్పాలని వచ్చాము.

రెండు, గడువు పెంచితే నేసేవాడు నింపాదిగా కూర్చుంటాడు, ఆఖరి వారంలో పరుగెడతాడు అన్నది. ఇది నిజమే. అందుకని నేసేవాడికి ఆఖరి తేదీ ఒక్కటే చెప్పి వదిలేయకూడదు. పడుగు ఫలానా రోజుకు, అతుకు ఫలానా రోజుకు అని మెట్టు మెట్టుకూ తేదీ ఉండాలి. రెండో మెట్టు దగ్గరే ఆలస్యం కనబడితే దుకాణదారుడికి అప్పుడే కబురు పంపవచ్చు. ఇరవై రోజుల ముందు చెప్పిన ఆలస్యాన్ని మనుషులు ఓర్చుకుంటారు. ముందు రోజు చెప్పిన ఆలస్యాన్ని ఎవరూ ఓర్చుకోరు.

మూడు, పెద్దవాళ్ళు అనేది. "మా తాత పుస్తకం చూసి నేశాడా?" నేయలేదు. తాత కాలంలో ఊరి వాళ్ళ కోసం నేశాడు, సంతకు నేశాడు. ఈ వారం సంతకు కాకపోతే వచ్చే వారం సంత. ఇప్పుడు పెళ్ళికి, ఎగ్జిబిషనుకు, ఫోనులో చూసి డబ్బు కట్టిన మనిషికి నేస్తున్నాము. వాళ్ళకు వచ్చే వారం లేదు. కాలం మారింది కాబట్టి లెక్క రాసుకోవాలి. తాత చేతి పని మారనక్కరలేదు.

కాబట్టి సమాఖ్య పెద్దలకు మా విన్నపాలు రెండు. మొదటిది, ఈ ఆరు గళ్ళ పుస్తకాన్ని అన్ని ఊళ్ళ సంఘాలూ ఒకే తీరుగా రాసేటట్టు ఒక నమూనా అచ్చు వేసి పంపండి. తెలుగు చదవడం రాని మన పిల్లలు చాలామంది ఉన్నారు గనుక తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీల్లో కూడా వేయండి. రెండు సంవత్సరాలు రాస్తే ఏ రకం చీరకు నిజంగా ఎన్ని రోజులో మన చేతిలో కాగితం ఉంటుంది. రెండవది, కూలి మాట్లాడే చోటికి ఆ కాగితం తీసుకుని వెళ్దాము. "చీరకు అయిదు రోజులు" అని ఎవరైనా అంటే, "మగ్గం మీద అయిదు, ఇంట్లో ఇన్ని" అని తేదీలతో చూపిద్దాము. నోటి మాటకు లేని విలువ తేదీకి ఉంటుంది.

పడుగు కంటికి బాగా కనబడుతుంది, పేక దానిలో కలిసిపోతుంది. అలాగని పేక లేకుండా బట్ట లేదు. మన ఇళ్ళల్లో కలిసిపోయి కనబడకుండా ఉన్న రోజులను ఇకనైనా పుస్తకంలోకి ఎక్కిద్దాము. అప్పుడు ఎన్ని రోజులని ఎవరు అడిగినా, వాళ్ళ ముఖం చూసి కాకుండా మన పుస్తకం చూసి జవాబు చెప్పవచ్చు.

మాకు కేటాయించిన సమయం ఇరవై నిమిషాలు. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. గడువు గురించి మాట్లాడుతూ గడువు దాటితే బాగుండదు.